మూడో పిడికిలి

గుండ్లకుంట, ఎల్లారెడ్డి మండలం
12 మార్చి 2026

బిడ్డ రాజశ్రీకి మీ మేనత్త లక్ష్మీనర్సమ్మ రాసేది. నేను బతికే ఉన్న. నువ్వు గూడ మంచిగనే ఉండి ఉంటవు, లేకుంటె ఈపాటికి ఎవరో ఒకరు చెప్పేటోళ్ళు.

మొన్న నువ్వు ఫోన్ చేసినవట. హన్మవ్వ ఉరికొచ్చి ఫోన్ నా చెవుకు పెట్టింది. పెట్టి ఏం ఫాయిద? నేను "ఆఁ, ఆఁ" అన్న, నువ్వేం అడిగినవో ఆ దేవునికే ఎరుక. పోయిన వానకాలం జరమొచ్చి నా రెండు చెవులు పోయినయని ఊరందరికి తెలుసు, పక్కింట్ల ఉండే ఆ హన్మవ్వకు తప్ప. ఇగ ఫోన్లు బందు పెట్టు. కాయితం మీద రాసి బస్సుల కండక్టర్ రాజేశం చేతికియ్యి. పొద్దున కామారెడ్డిల ఇస్తె మాపటికి నాకు ముడ్తది. ఏడో తరగతి దాక మా నాయిన కొట్టి కొట్టి చదివించిండు, ఆ చదువు ఇన్నేండ్లకు అక్కరకొచ్చింది.

అసలు ముచ్చటేందంటె, మన ఊరి నడుమ కొత్త బొడ్రాయి నిలవెడ్తుండ్రు. పాతది నడుమకు పగిలింది. వైశాఖంల ముహూర్తమట. నువ్వు ఎన్నడు చూడలేదు గాబట్టి చెప్తున్న. రాయి కింద గుంతల నవధాన్యాలు పోస్తరు. మన ఊరి రివాజు ఏందంటె ఇంట్ల ఎంతమంది ఉంటె అన్ని పిడికిళ్ళు. ఆడబిడ్డలు బిందెతోని నీళ్ళు తెచ్చి రాయి మీద పోసి, వాళ్ళింటి పిడికిళ్ళు వాళ్ళు వెయ్యాలె. ఊరి పెద్ద బాలయ్య ఇంటి పేరు పిలిచి ఇంతమంది అంటడు. మనిషికొక్కసారి "ఉన్నం" అని గట్టిగ పలకాలె. ఒక్కసారి పిడికిలి పడ్డదంటె వాళ్ళను ఏటేటా పిలుస్తరు. ఎవరో ఒకరు పలకాలె, పిలుపు ఉత్తగ పోవద్దు.

మీ ఇంటికి ఎన్ని రాయించాలె అని బాలయ్య అడిగిండు. రెండా, మూడా? పిల్లను పెంచుకుంటమని మీరు సర్కారోళ్ళ కాడ పేరు రాయించుకొని నాలుగేండ్లాయె. ఇంకా ఎంతమంది ముందున్నరు? ముసలిదాన్నైతున్న, జెర తొందర చెయ్యిమను. నరేందర్‌కు నా దీవెనలు చెప్పు. ఆయన ఫ్లెక్సీల దుకాణం ఎట్ల నడుస్తున్నది?

ఆకు తడిపి పెట్టిన, ఎండుతున్నది. ఇగ బీడీలు చుట్టుకోవాలె.

నీ అత్తమ్మ

*

కామారెడ్డి
16 మార్చి 2026

అత్తమ్మకు,

నీ ఉత్తరం రాజేశం అన్న బస్టాండులో నా చేతికిచ్చాడు. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. నువ్వు ఎదురుగా కూర్చుని తిడుతున్నట్టే ఉంది. చాలా రోజుల తర్వాత నవ్వాను.

నువ్వు అడిగినదానికి జవాబు: మా వంతు వచ్చేస్తోంది. ఒకటి రెండు నెలల్లో ఒక పాప ఫోటో పంపిస్తారట. చూశాక రెండు రోజుల్లో అవునో కాదో చెప్పాలి. నాలుగేళ్ళుగా ఈ మాట కోసమే ఎదురుచూశాం. నరేందర్ అప్పుడే గోడకు రంగు వేయిస్తున్నాడు.

కానీ అత్తమ్మా, నాకు వద్దనిపిస్తోంది. ఈ మాట నరేందర్‌కు ఇంకా చెప్పలేదు, నీకే మొదట రాస్తున్నాను.

నా పని గురించి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఊళ్ళలో మనుషులు మాట్లాడిన మాటలు రికార్డులుగా నాకు వస్తాయి. వాటిని మిషన్ విని రాస్తుంది. నేను కూడా విని, అది రాసినదాంట్లో తప్పులు దిద్దుతాను. అలా మన తెలుగు దానికి నేర్పిస్తున్నామన్నమాట. మొదట్లో పంక్తికో తప్పు ఉండేది. మన ఎల్లారెడ్డి మాటలు దానికి అసలు అర్థమయ్యేవి కావు, నాకు గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు రోజంతా వెతికినా తప్పు దొరకడం లేదు. దిద్దడానికి ఏమీ లేని రోజు నేను దేనికి?

నా ఒక్కదాని ఉద్యోగమైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. నరేందర్ దుకాణంలో ఫ్లెక్సీ బొమ్మలు గీసే పని ఇప్పటికే పోయింది. ఎవరి ఫోన్‌లో వాళ్ళే గీయించుకుని వస్తున్నారు, ఇతను అచ్చు వేసి ఇస్తున్నాడంతే. ఈ మిషన్లను తయారుచేసేవాళ్ళలోనే కొందరు, ఇది మన చేతులు దాటిపోతుందని, ఏదో ఒకనాడు మనుషులే మిగలకపోవచ్చని రాస్తున్నారు. నేను అవన్నీ చదువుతున్నాను. చదవకుండా ఉండలేకపోతున్నాను. ఇంత తెలిసీ ఒక పిల్లను తెచ్చుకుని, అన్నం తినిపించి, అ ఆ లు దిద్దించి, ఆ రోజుకు అప్పగించాలా?

రెండే రాయించు అత్తమ్మా. మేమిద్దరమే.

నీ రాజశ్రీ

*

గుండ్లకుంట
20 మార్చి 2026

బిడ్డా,

నీ ఉత్తరం చదివి నెత్తి పట్టుకొని కూసున్న. పుస్తకం లెక్క రాస్తవు, లోపల ఏమున్నదో మాత్రం చెప్పవు. నాకు తెల్వదనుకున్నవా?

నిజం చెప్పు. ఏ కులం పిల్లనో, ఎవరికి పుట్టిందో అని మీ అత్తగారోళ్ళు పీకుతుండ్రా? లేకుంటె నరేందరే ఎనక్కి తగ్గిండా? ఆ గోడకు రంగు గిట్ల అంత ఉత్తుత్తిదేనా? వాళ్ళ మీద పెట్టలేక మిషన్ల మీద పెడ్తున్నవు. మనుషులు మిగలరంట! ఎవడు చెప్పిండే నీకు? నేను పెండ్లి గాక ముందు నుంచి బీడీలు చుడుతున్న. మిషన్ వస్తున్నది, మీ చేతులు ఇగ ముడుచుకోండ్రి అని మా కార్ఖాన మేస్త్రి నా చిన్నప్పటి నుంచి బెదిరిస్తుండె. ఆయన పోయిండు, ఆయన కొడుకు గూడ ముసలోడైండు, నేను ఇంకా చుడుతనే ఉన్న.

నిన్ను నేను ఎట్ల పెంచిన? మీ అమ్మ పోయినప్పుడు నీకు మూడేండ్లు. మీ నాయిన దుబాయి పోతుంటె నిన్ను నా ఒళ్ళెకు ఇచ్చిండు. అప్పుడు నేనేమన్న రాబొయ్యే రోజుల సంగతి కూసొని లెక్కలు తీసిన్నా? ఆకలైతున్నదని ఏడ్చినవు, బువ్వ పెట్టిన. గంతే.

మూడే రాయించిన. బాలయ్య ముందట నిలవడి మూడు అని వేళ్ళు చూపించిన. పిల్ల పేరేంది అన్నట్టు ఆయన చెయ్యి తిప్పిండు. తార అని చెప్పిన. మంచిగున్నదా లేదా? లేకుంటె మార్చుకుందువు గానీ, రాయి కిందికి మాత్రం ఆ పేరుతోనే పోతది.

ఒళ్ళు మండుతున్నది, ఇగ రాయ.

నీ అత్తమ్మ

*

కామారెడ్డి
29 మార్చి 2026

అత్తమ్మా,

వారం రోజులు కోపంతో ఉత్తరం రాయలేదు. కులం మాట నువ్వు ఎత్తుతావనుకోలేదు. నరేందర్‌ను అనుమానించావు, ఆ మనిషి ఉయ్యాల కొక్కెం కూడా కొట్టించాడు. తప్పంతా నాలోనే ఉంది, నా భయంలోనే ఉంది. దాన్ని భయం అని కూడా నువ్వు ఒప్పుకోవు.

ఒక సంగతి చెబుతాను, విను. మొన్న ఆఫీసువాళ్ళు మేం నేర్పిన మాటలతో మిషన్ చేత మాట్లాడించి, ఎలా ఉందో చెప్పమన్నారు. చెవులకు పెట్టుకున్నాను. ఒక పెద్దామె గొంతు. "బిడ్డా, బువ్వ తిన్నవా? మొఖం గట్ల గుంజుకపోయిందేంది?" అంది. నా నోటి నుంచి "తిన్న అత్తమ్మా" అని వచ్చేసింది. ఆ గొంతు ఏ మనిషిదీ కాదు. నీకు నేను గొంతు చించుకుని అరిచినా వినపడదు. అదేమో అందరి మాటలూ వింటుంది, నీలాగే పలకరిస్తుంది. చెవుల్లోంచి తీసి బల్లమీద పెట్టి, ముఖం కడుక్కుని వచ్చి, "బాగుంది" అని రాశాను. ఏప్రిల్ పదిహేనుతో మా పని ఆపేస్తున్నారని ఆ సాయంత్రమే చెప్పారు.

ఆ పాప ఎవరైనా కానీ, ఏడాది లోపుది అంటున్నారు. 2050లో ఆమెకు పాతికేళ్ళు. పనిచేసే వయసు, చేయడానికి పని ఉండదు. 2100లో ముసలిది. అప్పటికి మనుషులు తమంతట తాము ఏదైనా నిర్ణయించుకుంటారా, లేక మనం కోళ్ళను ఉంచినట్టు అవి మనల్ని ఉంచుతాయా? ఇంకా ముందుకు పోతే, అయిదు వందల ఏళ్ళు, వెయ్యేళ్ళు, నాకేమీ కనబడదు అత్తమ్మా. ఎంత ఊహించినా ఒక్క ఇల్లు, ఒక్క పొయ్యి, ఒక్క ఆడమనిషి కనబడదు. నువ్వు బీడీల మిషన్ కథ చెప్పావు. ఆ మిషన్‌కు చేతులే ఉన్నాయి. దీనికి ఆలోచన కూడా వచ్చేసింది. ఈ తేడా నీకెలా చెప్పాలో తెలియడం లేదు.

తార మంచి పేరే. కానీ ఎందుకు పెట్టావు? పేరు పెట్టాక కాదనడం ఎంత కష్టమో తెలిసే పెట్టావు కదా?

రాజశ్రీ

*

గుండ్లకుంట
4 ఏప్రిల్ 2026

నా బిడ్డకు,

కులం మాట అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్న. నా నోరు అంతే. నరేందర్‌కు చెప్పకు, నేనే వచ్చి మొఖం చూపిస్త.

ఆ గొంతు ముచ్చట చదివి నాకు ఏడుపాగలేదు. నాకు గూడ భయమున్నదని ఇప్పుడు చెప్తున్న, ఎవ్వలకు చెప్పలేదు. చెవులు పోయినప్పుడు నేనేమనుకున్ననో ఎరికేనా? ఇగ అయిపోయింది అనుకున్న. మనుషులు నోర్లు ఆడిస్తరు, నేను తల ఊపుత. బీడీల చాట ఒక పక్కకు పడేసి గోడ దిక్కు తిరిగి పండుకున్న. హన్మవ్వ రోజు బువ్వ తెచ్చి పెట్టేది, తినకుంటె తిట్టేది. తిట్లు ఇనపడయి గానీ ఆ మొఖం కనబడ్తది గదా! ఆ మొఖం చూడలేక తిన్న. లేసి మల్ల చాట ముందటేసుకున్న. కార్ఖానోళ్ళు గూడ ఇప్పుడు వారంల సగం రోజులే ఆకు ఇస్తుండ్రు. నేను పోయినంక నా చేతి పని ఎవరికి కావాలె? ఎవ్వలకొద్దు. అది నాకు తెలుసు.

నిన్న పాత బొడ్రాయి పీకిండ్రు. అందరం చుట్టు నిలవడ్డం. కింద నల్లగ మాడినట్టు గింజల పొడి, ఒక రాగి బిల్ల, గంతే ఉన్నది. బాలయ్య పలక మీద రాసి నాకు చూపెట్టిండు. ఆ రాయి గత్తర వచ్చిన ఏడు నాటిండ్రట. వాంతులు భేదులతోని ఇండ్లకు ఇండ్లు పోయినయట. పీనుగులను మోసెటోళ్ళు లేకుండె. ఇగ మనిషి పుట్టుకే ఉండదని అనుకున్నరట. అప్పుడు మిగిలినోళ్ళు, ఇంటికి ఒక్కలో ఇద్దరో, గుంత చుట్టు నిలవడి పిడికిళ్ళు వేసి, "ఉన్నం" అని అరిచిండ్రట. గత్తరకు ఇనవడాలె అని. మన రివాజు అట్ల మొదలైందట. నాకే ఇన్నేండ్లు తెల్వదు.

వాళ్ళకు మనం కనబడ్డమా బిడ్డా? వాళ్ళకు గూడ ముందటంత చీకటే. నేనిది నిన్ను ఒప్పించనీకె రాస్తలేను. గత్తరకు ఆలోచన లేదు, నీ మిషన్‌కు ఉన్నది అంటవు, నిజమే కావచ్చు. నాకు తెల్వది తెల్వదనే అంట.

చూడు, ఏప్రిల్ ఇరవై రెండు మాపటికి పొలిమేర కడ్తరు. ఇరవై మూడున రాయి నిలవెడ్తరు. ఇరవై నాలుగు పొద్దున ఇడుస్తరు. ఆ నడుమ ఎవ్వలు లోపలికి రావద్దు, ఎవ్వలు బయటికి పోవద్దు. ఇరవై రెండు పొద్దున బస్సుకే వచ్చెయ్యి. ఇత్తడి బిందె నీ కోసం తోమి పెట్టిన. ఒడిబియ్యం గూడ పోస్త.

నీ అత్తమ్మ

*

కామారెడ్డి
21 ఏప్రిల్ 2026

అత్తమ్మా,

ఈ రోజు పొద్దున ఫోటో వచ్చింది.

పది నెలల పాప. ఎవరో కాలువ గట్టున వదిలిపెట్టి పోతే దొరికిందట. ఆకుపచ్చ గౌను, అది ఆమెకు చాలా పెద్దది. ఒక చేయి కనబడటం లేదు, గౌను చేతిలోపలే ఉండిపోయింది. ఇంకో చేయి గట్టిగా పిడికిలి బిగించి ఉంది. కెమెరా వైపు కోపంగా చూస్తోంది. నరేందర్ చూసి, ఫోన్ బల్లమీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు కడిగాడు.

ఎల్లుండి సాయంత్రం నాలుగింటిలోపు చెప్పాలి. చెప్పకపోతే వద్దన్నట్టే. ఆమె ఫోటో వరుసలో తర్వాతివాళ్ళకు పోతుంది.

నరేందర్‌కు అంతా చెప్పేశాను. అతను కోప్పడలేదు. "నువ్వు సరే అంటేనే. నీ మనసు లేకుండ పిల్లను తెచ్చి ఏం చేస్తం?" అన్నాడు. కోప్పడినా బాగుండేది.

నాకు రెండు వైపులా తప్పే కనబడుతోంది. ఆమెను తెస్తే, రేపు ఏం జరగబోతుందో తెలిసి కూడా తెచ్చానని నా మీద నాకే అసహ్యం. తేకపోతే, ఆ పిడికిలి. నేను కాదన్నంత మాత్రాన ఆమె ఈ లోకంలోకి రాకుండా పోదు కదా, వచ్చేసింది. అది కూడా తెలుసు. తెలిసీ చేయి లేవడం లేదు అత్తమ్మా. తిండి పోవడం లేదు, కూర్చుంటే లేవబుద్ధి కావడం లేదు.

రేపు నేను రాను. బిందె ఎత్తుకుని నీ ముందు నిలబడే ముఖం నాకు లేదు. ఒక్కటే అడుగుతున్నాను. చిన్నప్పటి నుంచి ప్రతిదానికీ నువ్వే చెప్పావు, ఇదీ నువ్వే చెప్పు. తెచ్చుకో అను, వద్దు అను. ఏది రాస్తే అది చేస్తాను. ఈ ఉత్తరం సాయంత్రం బస్సుకు ఇస్తున్నాను, రాత్రికి నీకు ముడుతుంది. రేపు పొద్దున బస్సుకు ఒక్క మాట రాసి పంపు. హన్మవ్వకు ఫోన్ చేసి ఈ మాట ఆమె నోట చెప్పించడం నా వల్ల కాదు. నువ్వు రాయకపోతే నీకు కూడా వద్దనే ఉందని, నా ముఖాన చెప్పలేక ఊరుకున్నావని అనుకుంటాను.

నీ రాజశ్రీ

*

గుండ్లకుంట
24 ఏప్రిల్ 2026, పొద్దున

నా బంగారు బిడ్డకు,

రాలేదు గదా నువ్వు! రావు అనుకున్న, అయినా తొవ్వ దిక్కే చూసిన. పంచాంగం చూసేటాయన ముహూర్తం ముందుకు జరిపిండట, ఇరవై ఒకటి మాపటికే పొలిమేర కట్టిండ్రు. పోరగాండ్లు కట్టెలు పట్టుకొని నిలవడ్డరు. మనిషి కాదు, సామాను గాదు, ఏది లోపలికి రాకుండ. నువ్వు తెల్లారి బస్సుకొచ్చి, రానియ్యక ఎనక్కి పోయినవేమో అని నాకు ఒకటే ఫికరు. కోపం జెయ్యకు, ముందుగాల చెప్పే సందు దొరకలె.

నిన్న రాయి నిలవడ్డది. ఎంత మంచిగైందో ఏమని చెప్పాలె! ఎన్ని బిందెలు, ఎంతమంది ఆడబిడ్డలు! డప్పులు కొడుతున్నరు, నాకు ఇనపడయి గానీ కాళ్ళ కింద భూమి అదురుతుంటె తెలుస్తనే ఉన్నది. నేను గుంత పక్కన హన్మవ్వను పట్టుకొని నిలవడ్డ. నీ పేరు పిలిస్తె గిచ్చుమని చెప్పిన. ముందుగాల నా పేరు, ఒక్కటి. తర్వాత మీ ఇల్లు. బాలయ్య మూడు వేళ్ళు లేపిండు. హన్మవ్వ ఎంత గట్టిగ గిచ్చిందే, చెయ్యి ఇప్పటికి నల్లగున్నది!

రాజశ్రీ, "ఉన్నం" అన్న. నరేందర్, "ఉన్నం" అన్న. తార, "ఉన్నం" అన్న. నా గొంతు ఎంత గట్టిగొచ్చిందో నాకు తెల్వదు, అందరు మర్లి చూసిండ్రు. మీ మూడు పిడికిళ్ళు నేనే వేసిన. పిల్లది చిన్న పిడికిలి గదా అని సగమే వెయ్యవోతె, హన్మవ్వ నా చెయ్యి పట్టి నిండ పోయించింది.

పది గొట్టంగ పొలిమేర ఇడుస్తరు. ఈ కాయితం మొదటి బస్సుకే పంపుత. ఫోటో వచ్చిందా? పిల్ల ఎట్లున్నది?

నీ అత్తమ్మ

*

కామారెడ్డి
24 ఏప్రిల్ 2026

అత్తమ్మా,

జవాబు రాలె. నాకర్థమైంది.

మొన్న పొద్దున బస్టాండుల నిలవడ్డ. రాజేశం అన్న రాలె, వేరే కండక్టర్ వచ్చిండు. ఉత్తరం ఏమన్న ఇచ్చిండ్రా అంటె లేదమ్మా అన్నడు. మధ్యాహ్నం బస్సుకు అడిగిన, మాపటి బస్సుకు అడిగిన. పొలిమేర కట్టి ఉంటరని తెలిసి గూడ నిన్న మల్ల పోయిన. నీకు గూడ వద్దనే ఉన్నది, రాయనీకె చెయ్యి రాలె అనుకున్న. నిన్ను తప్పు పడ్తలేను. నేనే అడిగిన గదా.

నిన్న మూడు గొట్టంగ నరేందర్ ఫోన్ తెచ్చి నా ముందట పెట్టి పక్కకు కూసున్నడు. పిల్ల ఫోటో తెరిచే ఉన్నది. "ఒత్తు, లేకుంటె ఒత్తకు" అన్నడు. నా ఏలు లేవలె. నేను వద్దని గూడ ఒత్తలె అత్తమ్మా. ఉత్తగ చూసుకుంట కూసున్న. నాలుగైంది. ఫోటో పోయింది. దాని జాగల ఏదో రాసొచ్చింది, నేను చదవలె.

నరేందర్ ఇంట్ల నుంచి ఎల్లిపోయి మాపటికి వచ్చిండు. వచ్చి ఉయ్యాల కొక్కెం పీకుతుంటె సున్నం రాలి కింద పడ్డది. నేను చీపురు తెచ్చి ఊడ్చిన. 

నేను పుస్తకం లెక్క ఎట్ల రాసేదాన్నో ఇప్పుడు నాకే వస్తలేదు. ఆ మిషన్లు ఎప్పుడు ఏం చేస్తయో నాకు తెల్వదు. నాకు నేను మాత్రం ఆ చెరుపు నిన్ననే చేసుకున్న.

రెండే వేసినవు గదా? రెండే అని చెప్పు అత్తమ్మా.

రాజశ్రీ

*

గుండ్లకుంట
27 ఏప్రిల్ 2026

బిడ్డా,

నా ఉత్తరం నీకు అంది ఉంటది, నీ ఉత్తరాలు రెండు నాకు అందినయి. ఇరవై ఒకటినాడు రాసింది రాజేశం మొన్న తెచ్చిచ్చిండు. ఆనాడు మాపటికి పొలిమేర దాక తెచ్చిండట, పోరగాండ్లు కాయితం గూడ లోపలికి రానియ్యమన్నరట. ఇడిసినంక ఇద్దాంలే అని సంచిల పెట్టుకొని, రెండు దినాలు సెలవు పెట్టి పోయిండు. అండ్ల ఏమున్నదో ఆయనకేం తెలుసు? మొన్న చదివి నేను కూలవడితె పాపం ఆయన బస్సు ఆపుకొని నా పక్కన కూసున్నడు. పొలిమేర లోపట నేను తార, "ఉన్నం" అని ఒర్రుతుంటె, బయట ఆ కాయితం సంచిల ఉన్నది. తలుచుకుంటె నా పానం పోతున్నది.

నీ మీద కోపం లేదని రాస్తె అబద్ధం. శానా కోపమున్నది. అంత పెద్ద మాట ఒక ముసల్దాని మీద ఎందుకు పెట్టినవే? నేను రాయకుంటె వద్దనే అని నువ్వే ఎట్ల అనుకున్నవు? మూడు అని వేళ్ళు చూపినదాన్ని, పేరు పెట్టినదాన్ని, నేను వద్దంటనా? తెచ్చుకో అని రాసేదాన్ని. ఇప్పుడు రాస్తున్న, ఏం ఫాయిద?

నా మీద గూడ నాకు అంతే కోపమున్నది. చెవులుంటె ఈ బాధ ఉండేది కాదు. నువ్వు ఫోన్ చేసేదానివి, నీ గొంతు ఇనంగనే నాకు తెలిసిపోయేది.

ఆ పిల్ల మంచిగనే ఉంటది. ఆమెకు ఇంకో ఇల్లు దొరుకుతది. మనకే దొరకలె.

నిన్న బాలయ్య కాడికి పోయిన. ఒక పిడికిలి ఎక్కువ పడ్డది, పిల్ల రాలేదు, ఎట్ల చెయ్యాలె అని అడిగిన. నువ్వు రెండే అని చెప్పుమన్నవు గదా. తీస్తరా అని గూడ అడిగిన.  ఆయన పలక తీసుకొని, "రాయి కింద పడ్డంక ఊరిదే. తియ్యరాదు" అని రాసిండు. తిరిగొస్తుంటె రాయి కాడ ఆగిన. గింజలన్ని ఎప్పుడో కలిసిపోయినయి, ఏది ఎవరి పిడికిలో ఇగ బ్రహ్మదేవునికి గూడ తెల్వదు.

వెయ్యేండ్లకు ఎవరన్న దాన్ని తవ్వుతరు కావచ్చు. మనిషే తవ్వుతడో, నీ మిషనే తవ్వుతదో. నల్లటి పొడి కనబడ్తది, గంతే. ఆ పొడిల ఆ పిల్ల గూడ ఉన్నది. ఏ ఊర్ల పెరుగుతదో, ఏ పేరు పెట్టుకుంటరో, మనల్ని ఎన్నడన్న చూస్తదో చూడదో. గుండ్లకుంటల మాత్రం ఆమె లెక్కకొచ్చింది.

నువ్వు మల్ల పేరు రాయించుకుంటవో లేదో నేనడగ. అది నీ ఇష్టం, నరేందర్ ఇష్టం. ముందుగాల తిను. తినకుంటె హన్మవ్వను పంపిస్త, ఆ మొఖం చూస్తె నువ్వు గూడ తింటవు.

ఇంకొక్క మాటున్నది. వచ్చే వైశాఖంల ఆ తిథి నాడు బాలయ్య మల్ల అందరిని పిలుస్తడు. తారను గూడ పిలుస్తడు. పలకకుండ ఇడవరాదు. హన్మవ్వ అప్పటికి ఉంటదో ఉండదో, నన్ను గిచ్చేటోళ్ళు ఉండరు. పిలిస్తె నాకు ఇనపడదు బిడ్డా. నువ్వొచ్చి పలుకు.

నీ అత్తమ్మ
లక్ష్మీనర్సమ్మ